మూడవ ఎనిమిది గంటలు

మా వీథిలోని పిల్లలు గడియారమును చూచి కాలము చెప్పరు. కంపెనీ బస్సులను చూచి చెప్పుదురు. తెలతెలవాఱుచుండగా ఐదున్నర గంటలకు వీథి మొగమున నొక బస్సు వచ్చి నిలుచును. అది మొదటి షిఫ్టునకు పోవువారిది. మధ్యాహ్నము ఒకటిన్నరకు రెండవది వచ్చును. రాత్రి తొమ్మిదిన్నరకు మూడవది. ప్రతిసారియు కొందఱు ఎక్కుదురు. కొంతసేపటికి పని ముగించుకొని కొందఱు దిగుదురు. ఎక్కువాని చేతిలోని అన్నపు డబ్బా నిండుగా నుండి చప్పుడు చేయదు. దిగువాని డబ్బా ఖాళీయై గలగలలాడును. ఇండ్లలోనున్న పిల్లలు ఆ గలగల విని, ఎవరి తండ్రి వచ్చెనో పోల్చుకొని, వాకిటిలోనికి పరుగెత్తుదురు. లోకములో వాద్యములు ఎన్నియో కలవు. వానిలో నాకు మిక్కిలి ప్రియమైనది ఆ ఖాళీ డబ్బా చప్పుడు. కాని యీ సంగతి తెలిసికొనుటకు నాకు ముప్పదియైదు సంవత్సరములు పట్టెను.

మాది పటాన్‌చెరు. హైదరాబాదు నుండి సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా పుణె వైపునకు పోవు పెద్ద రహదారి మీద నున్న ఊరు. ఒకప్పుడిక్కడ జొన్నచేలును, చెఱువులును ప్రధానముగా నుండెడివి. 1960ల దశకమున సమీపమందలి రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసెను. 1972లో మెట్టపంటల పరిశోధనకై అంతర్జాతీయ సంస్థ యైన ఇక్రిశాట్ పటాన్‌చెరులో నెలకొనెను. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలమీద అచ్చట నేటికిని పరిశోధనలు జరుగుచున్నవి. తరువాత బొల్లారము, ఇస్నాపూరు, పాశమైలారము వఱకు మందుల కంపెనీలు, ఇనుప కంపెనీలు, రంగుల కంపెనీలు వరుసగా లేచినవి. వానితోపాటు బ్రదుకుతెరువు వెదకుకొనుచు మనుష్యులును వచ్చిరి.

నేనును అట్లు వచ్చినవాడనే. 1981వ సంవత్సరమున నారాయణఖేడు వైపు నున్న మా పల్లెను విడిచి వచ్చి, ఒక ఇనుప సామానుల కంపెనీలో ఫిట్టరుగా చేరితిని. 2016లో పదవీ విరమణ చేసితిని. ఇన్ని సంవత్సరములలో నేను నేర్చిన పనులు చాల కలవు. మరను విప్పి మరల బిగించుట నేర్చితిని. దాని చప్పుడు విని రోగము చెప్పుట నేర్చితిని. కాని మా ఇంటి చప్పుడు వినుట మాత్రము నేర్వలేదు.

1992వ సంవత్సరము వానకాలము. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదేండ్లవాడు. ఒకనాడు నేను రెండవ షిఫ్టునకు బయలుదేరుచుండగా వాడు బడినుండి పరుగెత్తుకొని వచ్చి, నా చొక్కా పట్టుకొనెను.

"నాయినా, చెరువుకట్ట మీది తుమ్మచెట్టుకు గిజిగాడు గూడు కడుతున్నది. సగం అయింది. నీకు చూపిస్త, రా."

"ఆదివారం పోదాం బిడ్డా," అని బస్సెక్కితిని.

ఆదివారము వచ్చెను. ఆ దినమున ఓవర్‌టైము దొరికెను. ఓవర్‌టైమునకు రెట్టింపు కూలి, కాదనలేకపోతిని. మఱుసటి ఆదివారము రాత్రి షిఫ్టు ముగించి వచ్చి సాయంకాలము వఱకు నిద్రపోతిని. మూడవ ఆదివారము బంధువుల ఇంట పెండ్లి. ఆ వారములోనే రెండు రాత్రులు గాలివాన కురిసెను. మఱునాటి యుదయమున వాడు తడిసిన గూటిని రెండు చేతులతో పట్టుకొని ఇంటికి వచ్చెను.

"నాయినా, గూడే మనింటికి వచ్చింది," అనెను.

వాని మాటలో నిష్ఠురము లేదు. మేకు కొట్టి దానిని వాకిలిపై వ్రేలాడదీసెను. నేను "బాగున్న"దని చెప్పి, అన్నము తిని, డబ్బా తీసికొని పనికి పోయితిని. గూటిని చూచితిని గాని, వాని మొగము చూడలేదు.

నేను చెడ్డ తండ్రినని ఎవ్వరును అనలేదు. ఆ ఓవర్‌టైము డబ్బుతోనే వానికి సైకిలు కొంటిని, పుస్తకములు కొంటిని, కాలేజీ ఫీజు కట్టితిని. అవన్నియు అవసరములే. కాని వాడు పెద్దవాడై పుణెలో ఉద్యోగమునకు పోవునాడు, సామానులు సర్దుకొనుచు, సైకిలును గుఱించి ఒక్కమాటయు మాటలాడలేదు. వాకిలి వైపు చూచి, "ఇక్కడ గూడు ఉండె గద నాయినా," అని మాత్రమనెను. ఇంటికి సున్నము వేయించినప్పుడు ఆ గూటిని తీసివేసితిమి. మేకు మాత్రము మిగిలినది.

మా కంపెనీలో నాకు ముగ్గురు మిత్రులుండిరి. ఒకడు సదాశివపేటవాడు, ఒకడు జహీరాబాదువాడు, ఒకడు శ్రీకాకుళము నుండి వచ్చినవాడు. రాత్రి షిఫ్టు ముగిసిన పిమ్మట రహదారి కావలనున్న హోటలులో నలుగురము కూడి చాయ త్రాగెడివారము. జీతము చివరిదినములలో రెండు చాయలు తెప్పించి నలుగురము పంచుకొనెడివారము. చలికాలపు వేకువలో వేడి గ్లాసును రెండు అఱచేతుల నడుమ నుంచుకొని, పొగమంచులోనుండి లారీలు ఒక్కొక్కటిగా బయల్పడుటను చూచెడివారము. సదాశివపేట మిత్రునికి తెలిసిన కథ యొక్కటే. తమ యూరి సంతలో తప్పిపోయిన యెద్దు తనంతట తానే ఇల్లు చేరిన కథ. దానిని వందసారులు చెప్పియుండును. కథ సగము కాకమునుపే మేము నవ్వెడివారము. మేము నవ్వుట చూచి అతడును నవ్వెడివాడు. ఆ నవ్వునకు మేము పేరు పెట్టలేదు. చాయ త్రాగుచున్నామని మాత్రమే అనుకొంటిమి.

జహీరాబాదు మిత్రుడు కార్మిక సంఘములో తిరిగినవాడు, పత్రికలు చదివెడివాడు. అతడు పగటి షిఫ్టులో నున్న దినములలో భార్యయు, ఇద్దఱు పిల్లలును భోజన సమయమునకు కంపెనీ గేటు వద్దకు వచ్చెడివారు. అరగంట విరామములో అతడు చేతులు కడుగుకొని వచ్చుటకు కొంత, తిరిగి పోవుటకు కొంత కాలము పోగా, వేపచెట్టు క్రింద పిల్లలతో కూర్చుండుటకు మిగులునది ఐదు నిమిషములు. ఆ ఐదు నిమిషములలో కూతురు తన బొమ్మ పలకను చూపెడిది. కొడుకు తండ్రి డబ్బాలోని కూరముక్కను ఎత్తుకొని పరుగెత్తెడివాడు. ఒకనాడు నేను నవ్వుచు, "ఐదు నిమిషముల కొఱకు వారినింత దూరము నడిపింతువేల?" అని అడిగితిని.

అతడు, "భాయ్, ఐదు నిమిషాలే ఉన్నయి గద అని నువ్వంటున్నవు. ఐదు నిమిషాలు ఉన్నయి గద అని నేనంటున్న," అని లేచి పోయెను.

మేడే నాటి ఒక సాయంకాలమున అతడే మాకొక చరిత్ర చెప్పెను. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బ్రిటను దేశపు నూలుమిల్లులలో పెద్దలును పిల్లలును దినమునకు పండ్రెండు, పదునాలుగు గంటలు పనిచేసెడివారు. రాబర్టు ఓవెన్ అను మిల్లు యజమాని యొకడు దీనిని చూచి సహింపలేక, దినమును మూడు సమభాగములు చేయవలెనని 1817లో చాటెను. ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది గంటలు విశ్రాంతికి, తక్కిన యెనిమిది గంటలు మనుష్యుని స్వంతమునకు. ఆ కోరికకై 1886వ సంవత్సరము మే 1వ తేదీన అమెరికాలో చికాగో మొదలగు నగరముల కార్మికులు సమ్మె కట్టిరి. కొందఱు ప్రాణములు కోల్పోయిరి. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు నలువదియెనిమిది గంటల పరిమితిని విధించెను.

ఇదంతయు చెప్పి అతడు, "మొదటి ఎనిమిది గంటలు కంపెనీవి. రెండవ ఎనిమిది గంటలు నిద్రవి. మూడవ ఎనిమిది గంటల కోసం ఎవరో సముద్రం అవతల కొట్లాడిన్రు. వాటిని నువ్వేం చేస్తున్నవు?" అని నన్నడిగెను.

నేను సమాధానము చెప్పలేదు. నా మూడవ ఎనిమిది గంటలలో కొన్నింటిని ఓవర్‌టైమునకు అమ్మితిని. కొన్నింటిని అలసట తినివేసెను. మిగిలినవానిని "రేపు" అను పెట్టెలో దాచితిని. ఉద్యోగము ముగిసిన తరువాత ఆ పెట్టెను తెఱచి హాయిగా కూర్చుందమని నా యాలోచన.

2016లో ఆ పెట్టెను తెఱచితిని. లోపల నేమియు లేదు. మొదటి వారము కడుపునిండ నిద్రపోతిని. రెండవ వారమునుండి వేకువ ఐదు గంటలకే మెలకువ వచ్చెడిది; పోవలసిన చోటు లేదు. కొడుకు పుణెలో నుండెను. శ్రీకాకుళపు మిత్రుడు స్వగ్రామమునకు మఱలిపోయెను. నేను అరుగుమీద కూర్చుండి వచ్చిపోవు బస్సులను చూచుచుంటిని. అప్పుడే, ఆ ఖాళీ డబ్బాల గలగల మొదటిసారిగా నా చెవిని పడెను. అన్ని సంవత్సరములు నా చేతిలో నుండి మ్రోగిన చప్పుడే అది. నా కొడుకు ఆ చప్పుడు విని ఎన్నిమార్లు వాకిటిలోనికి పరుగెత్తుకొని వచ్చెనో, నేను ఎన్నిమార్లు "అలసిపోయినాను, పో" అంటినో లెక్క తేలలేదు.

ఒకనాటి సాయంకాలము బీహారు నుండి వచ్చినవారి పిల్లవాడొకడు సైకిలు గొలుసు ఊడిపోగా నా అరుగువద్దకు తెచ్చెను. నిమిషములో ఎక్కించి యిచ్చితిని. మఱునాడు ముగ్గురు వచ్చిరి. వారము తిరుగునప్పటికి పదిమంది. కొందఱి సైకిళ్ళకు నిజముగా మరమ్మతు కావలయును. కొందఱు కూర్చుండుటకే వచ్చిరి. తండ్రులు షిఫ్టులో నుండిరి. తల్లులు వంటలో, లేక పనిలో నుండిరి. ఆ పిల్లలకు నా అరుగే మైదానమాయెను.

వానరాకమునుపు మా వీథిలో తూనీగలు తక్కువ యెత్తున ఎగురును. ఒకనాడు పిల్లలు వానిని లెక్కింప మొదలిడిరి. ఒకడు "ఏక్, దో, తీన్" అనెను. ఒడిశా బాలిక "ఏక, దుయి, తిని" అనెను. మావాడొకడు "ఒకటి, రెండు, మూడు" అనెను. తూనీగలు నిలుకడగా నుండవు గనుక ఎవరి లెక్కయు కుదురలేదు. ఇంతలో ఒక చిన్నవాడు ఆటను ఆపి, "తాతా, తీన్, తిని ఒక్కతీరుగనే ఉన్నయి," అని అఱచెను. పిల్లలందఱు ఆ రెండు మాటలను మార్చి మార్చి పలికి నవ్విరి. భాషాశాస్త్రవేత్తలు ఎన్నడో కనుగొన్న సంగతియే కావచ్చును. కాని ఆ సాయంకాలము దానిని క్రొత్తగా కనుగొన్నవాడు మా వీథి చిన్నవాడు. వాని కన్నులలోని వెలుగు నేను చూచితిని. ఈసారి మొగము చూచితిని.

మా ఊరికి దగ్గఱనే అమీన్‌పూర్ చెఱువున్నది. 2016 నవంబరులో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఒక చలికాలపు ఆదివారమున ఆఱుగురు పిల్లలను, ఇద్దఱు మిత్రులను వెంటబెట్టుకొని అచ్చటికి పోయితిని. జొన్నరొట్టెలు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయల తొక్కు మూట గట్టుకొంటిమి. నీటిమీద కొంగలును, నీటికాకులును కనబడెను. లకుముకి పిట్ట యొకటి తీగమీదనుండి బాణమువలె నీటిలోనికి దూకి చేపతో లేచెను. పిల్లలు కేకలు వేసిరి. సదాశివపేట మిత్రుడు ఎద్దు కథను ప్రారంభించెను. వినని పిల్లలు దొరికినందుకు అతని సంతోషమునకు మేర లేదు.

ఒక బాలుడు మాత్రము పక్షులను చూడక, రాతిప్రక్కన గొంతుక కూర్చుండి నేలను చూచుచుండెను. "పక్షులను చూచుటకు ఇంత దూరము వచ్చి, నేలను చూతువేమిరా" అని గద్దింపబోతిని. జహీరాబాదు మిత్రుడు నా భుజముమీద చేయి వేసి ఆపెను. నేనును ఆ బాలుని ప్రక్కన గొంతుక కూర్చుంటిని. చీమలు కొన్ని తూనీగ రెక్క నొకదానిని నిలువుగా ఎత్తిపట్టి లాగికొని పోవుచుండెను. గాలి వీచినప్పుడు అది తెరచాపవలె వంగెను, చీమలు ఆగెను, గాలి తగ్గగానే మరల నడచెను. మేమిద్దఱము దానిని పుట్ట చేరువఱకు చూచితిమి. ఎంతసేపు పట్టెనో తెలియదు. నేను చూపదలచినదానిని పిల్లలు చూడవలెనని కోరుట ఒక మార్గము. వారు చూచుచున్నదానిని నేను చూచుట మఱియొక మార్గము. రెండవదానిలోనే సంతోషము ఎక్కువగా దొరకునని ఆ దినమున తెలిసినది.

తిరిగి వచ్చునపుడు ఒక పిల్లవాడు, "తాతా, నక్కవాగుల నువ్వు ఈత కొట్టినవా?" అని అడిగెను. అది పటాన్‌చెరు ప్రాంతపు వాగు. 1980ల దశకమునుండి కంపెనీల మురుగునీరు దానిలోనికి చేరి, నీటి రంగే మాఱిపోయెను. ఒడ్డున నున్న పల్లెల పొలములును, బావులును పాడయ్యెను. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టు వఱకు పోయెను. పిల్లవానికి నేను, "లేదు బిడ్డా" అని మాత్రము చెప్పితిని. ఒక వాగు చెడినచో పంట మాత్రమే పోదు. ఒక తరము పిల్లల ఈతలును, చేపల వేటలును దానితోపాటు పోవును. చిన్న సంతోషములు చౌకగా దొరకును గాని, వానిని కాపాడుట చౌకపని కాదు.

ఇక నేను చెప్పవలసిన ముఖ్యమైన సంగతి యొకటి కలదు.

మా యింటి ఎదుటి గదిలో ఒడిశాలోని గంజాము జిల్లానుండి వచ్చిన కుటుంబమొకటి యున్నది. తండ్రి పాశమైలారములోని ఒక కంపెనీలో పనిచేయును. కూతురికి ఐదేండ్లు. మొదటి షిఫ్టు దినములలో తండ్రి వేకువనే బయలుదేరుచు ఒక ఉస్మానియా బిస్కట్టును రెండు తుంటలు చేయును. ఒక తుంటను అప్పుడే ఆమె నోట పెట్టును. రెండవదానిని ఆమె తన చిన్న స్టీలు డబ్బాలో దాచును. అది తండ్రిది. మధ్యాహ్నము అతడు తిరిగి వచ్చి, గడపమీద కూర్చుండి, దానిని తినవలెను, ఆమె చూడవలెను. అదియే వారి ఆట. దానిని ఒక్కదినమును తప్పించినవారు కారు.

2025 జూన్ 30, సోమవారము. ఆ యుదయమున పాశమైలారములోని ఒక మందుల కంపెనీలో గొప్ప ప్రేలుడు సంభవించెను. భవనము కూలెను. నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ మొదలగు రాష్ట్రములనుండి వచ్చినవారు చాలమంది. మా యెదుటింటివాడు పనిచేయునది ఆ కంపెనీ కాదు. కాని అదే పారిశ్రామికవాడలోనిది. వార్త తెలిసినది మొదలు అతనికి ఫోను కలియలేదు. అంబులెన్సులు రహదారిమీద ఆగక పోవుచుండెను. మధ్యాహ్నము రెండున్నర అయ్యెను. బస్సు రాలేదు. వీథిలోని స్త్రీలందఱును ఆ యిల్లాలి చుట్టు చేరిరి.

బాలిక మాత్రము గడపమీద డబ్బాను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఎవరో అన్నము కలిపి తెచ్చిరి, తినలేదు. మూత తీసి బిస్కట్టును చూచుట, మరల మూయుట. "తాతా, బాపా బస్సు ఇంకా రాలేదు," అని నాతో రెండుమాఱులు చెప్పెను. నాకు గొంతు పెగలలేదు. ప్రక్కన కూర్చుంటిని. నాకు తెలిసిన పని అదొక్కటే.

చీకటిపడిన పిమ్మట అతడు నడచి వచ్చెను. చొక్కానిండ మసి. తన యూరివాడొకడు ఆ కంపెనీలో పనిచేయుచుండగా, వానిని వెదకుచు మొదట గేటువద్దను, తరువాత ఆసుపత్రులలోను తిరిగెనట. గాయములతో ఆసుపత్రిలో నున్న వానిని చూచి, ప్రాణమునకు భయము లేదని విని వచ్చెను. ఫోనులో ఛార్జింగు ఎప్పుడో అయిపోయెను. భార్య ఏడ్చుచు లేచి నిలిచెను. అతడు ఎవరితోను మాటలాడక, కాళ్ళు కడుగుకొనక, గడపమీద కూలబడెను.

బాలిక డబ్బా మూత తీసి ముందుంచెను.

అతడు ఆ సగము బిస్కట్టును తీసి, చాలసేపు చూచి, నోట పెట్టుకొనెను. వీథిలో ముప్పదిమంది నిలుచుండిరి; ఎవ్వరును కదలలేదు. ఆ చిన్న తుంట నమలిన చప్పుడు నాకు వినబడెను. తినుట పూర్తియైన తరువాత బాలిక, "ఇప్పుడు అయింది," అని తన డబ్బాను మూసెను.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆ గడపమీద జరిగిన పని జరుగక మిగిలిన ఇండ్లెన్ని! ఎన్ని డబ్బాలు మూతపడియే యుండెనో! చిన్న సంతోషములతో తృప్తిపడి పెద్ద అన్యాయములను మఱచిపొమ్మని నేనెన్నడును చెప్పను. కార్మికుడు ఉదయము పోయినట్లే సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరవలెను. అది దయ కాదు, వాని హక్కు. ఎనిమిది గంటల కొఱకు పోరాడినవారు కోరినదియు అదియే. మూడవ ఎనిమిది గంటలు వాని కుండవలెను. వానిని అనుభవించుటకు వాడును ఉండవలెను.

అయితే ఆ సగము బిస్కట్టు నాకు మఱియొక సంగతియు చెప్పెను. అది అంతటి బరువు మోయగలిగినది, ఆ యొక్క దినము వలన కాదు. ప్రతిదినమును తండ్రియు కూతురును దానిని పంచుకొనిరి గనుక మోయగలిగినది. పెద్ద దినములు చెప్పి రావు. అవి వచ్చునాడు మనచేతిలో నుండునది చిన్న దినములలో కూడబెట్టినదే.

మఱునాడు కొడుకునకు ఫోను చేసితిని. పని లేకుండ నేనెన్నడును ఫోను చేయను గనుక వాడు భయపడి, "ఏమైంది నాయినా?" అనెను. "ఏం లేదు. పండుగకు రా. పిల్లను తీసుకొని రా," అంటిని. దసరాకు వచ్చిరి. నా మనుమరాలు మా వీథిపిల్లలతో గునుగుపూలు, తంగేడుపూలు ఏరి, నానమ్మతో బతుకమ్మ లాడినట్లే మరల మరల ఆడించుకొనెను. పండుగ వెళ్ళిన ఆదివారమున నేనే వారిని పిలిచి, చెఱువుకట్ట వైపు తీసికొనిపోతిని.

పూర్వపు తుమ్మచెట్టు ఇప్పుడు లేదు. దానికి కొంత దూరమున మఱియొక తుమ్మ నీటిమీదికి వంగియున్నది. దాని కొమ్మలకు గిజిగాని గూళ్ళు ఏడెనిమిది వ్రేలాడుచుండెను. పిల్లలు ఎగిరిపోయిన గూళ్ళవి. గాలికి మెల్లగా ఊగుచుండెను. మనుమరాలు, "తాతా, సూది లేకుండ ఎట్ల కుట్టింది?" అని అడిగెను. గడ్డిపోచను పిట్ట ముక్కుతో చీల్చి, ముడివేసి, అల్లు విధమును నాకు తెలిసినంత చెప్పితిని.

కొడుకు కొంచెముసేపు మాటలాడలేదు. వానికిప్పుడు నలువదియొక యేండ్లు. పిమ్మట నవ్వుచు, "ఆదివారం వచ్చింది నాయినా," అనెను. నేను ఈసారి గూటిని చూడలేదు; వాని మొగమే చూచితిని.

బాలలారా! మీరు పెద్దవారై మరలు నడుపుదురో, పొలములు దున్నుదురో, దూరదేశములకు పోవుదురో నాకు తెలియదు. ఎక్కడనున్నను మీ దినమునకు ఇరువదినాలుగు గంటలే. వానిలో మూడవ భాగము మీది. దానిని ఎవరైనను దోచుకొనుచున్నచో ఊరకుండకుడు. అది మీ చేతిలో నున్నప్పుడు "రేపు" అను పెట్టెలో దాచకుడు. ఈ సాయంకాలము మీ తమ్ముడో చెల్లెలో ఒక చీమను చూపి రమ్మనిన, పోయి చూడుడు. మిత్రుడు చెప్పిన కథనే మరల చెప్పిన, నవ్వుడు. తండ్రి డబ్బా గలగల వినబడిన, వాకిటిలోనికి పరుగెత్తుడు.

ఐదు నిమిషములే యున్నవని అనకుడు. ఐదు నిమిషములున్నవి.